కెమేరాకు చూపు వచ్చిన విధము

గడచిన నెలలో జల్‌పల్లియందలి మా యింట నొక చిక్కు సంభవించెను. విదేశమందున్న మా కుమార్తెకు నెలలు నిండినవి. ప్రసవమునకు ముందు ఎనుబదియేండ్ల నాయనమ్మను చూచి దీవెన పొందగోరెను. మా లినక్సు కంప్యూటరునకు యూఎస్‌బీ కెమేరా తగిలించితిమి. తెఱ నల్లగానే యుండెను. “లినక్సున కిది పనికిరాదు, క్రొత్తది కొనుడు” అని యొకరు సెలవిచ్చిరి. మేము తొందరపడక వరుసగా పరీక్షించితిమి.

హబ్బుద్వారా విద్యుత్తు చాలదేమో యని తీగను నేరుగా కంప్యూటరునకే కూర్చితిమి; ఫలము లేదు. పిదప టెర్మినలులో ‘ఎల్‌ఎస్‌యూఎస్‌బీ’ అని టైపు చేయగా కెమేరా పేరు కనబడెను. కావున తీగ బాగుగనే యున్నది. యూవీసీ పద్ధతి కెమేరాలను నడపు డ్రైవరు 2008 నుండి లినక్సులోనే కలదు, వేఱొకటి యక్కఱలేదు. మఱి లోపమెక్కడ? అంతకుముందు పరీక్షకై తెఱచిన ప్రోగ్రామును మేము మూయ మఱచితిమి. ఒకటి పట్టుకొనియున్న కెమేరా సాధారణముగా మఱియొకదానికి దొరకదు. దానిని మూయగానే చిత్రము వచ్చెను.

అత్తగారు చేయెత్తి దీవించిరి; అమ్మాయి కన్నులు తుడుచుకొనెను. తప్పు కెమేరాది కాదు, మా మఱపుది. కొనుటకు ముందు వెదకుట గృహిణులకు క్రొత్త విద్యయా?