సొట్టా, వణుకూ

ఖరీదు ఎక్కువైతే మన్నికా ఎక్కువే ఉండాలని మనకో గట్టి నమ్మకం. యోయోల దగ్గరికొచ్చేసరికి ఆ నమ్మకానికి చిల్లు పడుతుంది. ఒక్క అల్యూమినియంతో చేసినదానికన్నా అంచున స్టీలు రింగు తొడిగిన ‘బైమెటల్’ సాధారణంగా ఖరీదు ఎక్కువ. ఆ పైడబ్బులు తిరుగుడు కోసం ఇస్తున్నాం, మన్నిక కోసం కాదు.

లెక్క చిన్నదే. అల్యూమినియం ఘన సెంటీమీటరుకి 2.7 గ్రాములు తూగుతుంది, స్టెయిన్‌లెస్ స్టీలు దాదాపు 8. పోటీలకి వాడే యోయో బరువు అటూ ఇటూగా 65 గ్రాములు. అందులో ఎంత బరువు అంచుకి చేరితే అంత సేపు, అంత నిలకడగా దారం చివర తిరుగుతుంది. స్టీలైతే సన్నటి రింగుతోనే ఆ పని అవుతుంది. అలాగని అది లేకపోతే గెలవలేరనేం లేదు. 2014లో ప్రాగ్‌లో జరిగిన ప్రపంచ పోటీలో, ఒకే యోయోతో దారం మీద విన్యాసాలు చేసే 1ఎ విభాగం గెలిచిన జెంట్రీ స్టైన్ ఆడింది ఒక్క అల్యూమినియంతో చేసిన ‘షట్టర్’తోనే.

ఇక నేల సంగతి. మన ఇళ్లలో అది గ్రానైటో, మొజాయికో, సిమెంటో. దేనికీ జాలి లేదు. ఒకే లోహపు యోయో పడితే సొట్ట పడుతుంది. రంగుపూత లేచి లోపలి తెల్లటి లోహం బయటపడుతుంది, తడిమితే వేలికి గరుగ్గా తగులుతుంది. ఆ గరుకు దారాన్ని కోయకుండా ఉప్పుకాగితంతో నాలుగు రుద్దులు రుద్దితే మళ్లీ ఆటకి సిద్ధం. 6061 రకం అల్యూమినియం మెత్తన, సొట్టలు తొందరగా పడతాయి. 7075 గట్టిది, కాస్త ఓర్చుకుంటుంది. సొట్టలు పడ్డ యోయో అంటే నాకు ముచ్చటే, అద్దాల బీరువాలో కూర్చోలేదని తెలుస్తుంది కదా!

బైమెటల్‌లో రింగు బయటి అంచున ఉంటే నేలకి ముందు తగిలేది స్టీలే. మహా అయితే ఓ గీత పడుతుంది. కానీ ఆ దెబ్బ రింగు కూర్చున్న గాడి దాకా పోతుంది. అక్కడ రింగుని పట్టి ఉంచేది చాలావాటిలో బిగుతే. బండి చక్రానికి ఇనప పట్టా ఎర్రగా కాల్చి తొడిగి నీళ్లు పోస్తే, అది కుంచించుకుని కర్రని పట్టేసేది, గుర్తుందా? ఇక్కడా అదే కిటుకు, కాకపోతే యంత్రంతో అదిమి ఎక్కిస్తారు. ఆ రింగు వెంట్రుకవాసి జరిగినా యోయో వణుకుతుంది. ఆటగాళ్లు దీన్ని వైబ్ అంటారు. కంటికి కనబడకపోయినా, తిరుగుతున్న యోయోకి వేలిగోరు ఆనిస్తే టకటకలాడించేస్తుంది. సొట్టని ఇంట్లోనే రుద్దుకోవచ్చు గానీ, జరిగిన రింగుని సరిచేయడం మనవల్ల అయ్యే పని కాదు.

ఎండ కూడా ఓ చెయ్యి వేస్తుంది. వేడికి అల్యూమినియం స్టీలుకన్నా ఎక్కువ సాగుతుంది. రింగు బయట ఉన్న రకంలో పట్టు ఇంకా బిగుస్తుంది, గిన్నెలాంటి యోయో సగం లోపల ఉన్న రకంలో వదులవుతుంది. తేడా మైక్రాన్లలోనే కాబట్టి రింగు ఊడి చేతికి రాదు. అయినా మే నెల ఎండలో కారు డాష్‌బోర్డు మీద వదిలేయకండి. విశాఖలాంటి ఉప్పుగాలి ఊళ్లో రెండు లోహాల సందున తేమ నిలిస్తే, పూత లేచిన చోట ముందు తినుకుపోయేది అల్యూమినియమే. ఆడాక పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

నిజానికి నేలదెబ్బలకన్నా నాకు భయం నడుమ ఉన్న ఇరుసుతో. అది స్టీలు స్క్రూ, దిగేది మెత్తటి అల్యూమినియంలోకి. దారం చిక్కుపడ్డప్పుడల్లా విప్పి, మళ్లీ పళ్లు బిగించి తిప్పితే లోపలి మరలు అరిగిపోతాయి. అప్పుడు ఒక లోహమైనా రెండు లోహాలైనా ఒకటే గతి. వంకరగా ఎక్కుతోందనిపిస్తే వెనక్కి తిప్పి మళ్లీ మొదలెట్టాలి. బిగుతు తగలగానే ఆపేయాలి.

నన్నడిగితే నేర్చుకునే పిల్లాడికి 6061 యోయో కొనిచ్చి మేడమీదికి తోలండి. బైమెటలే కావాలని మొండికేస్తే, కాళ్లకింద పరవడానికి ఓ పాత బొంత కూడా ఇచ్చి పంపండి.