కామా చాటున దాగిన గంటలు

బిష్టుపూర్ బజారులో ఏ దుకాణపు రసీదు చూచినా లక్షా పాతికవేలను 1,25,000 అనే వ్రాస్తారు. దుకాణదారుని మాతృభాష హిందీ అయినా, బెంగాలీ అయినా, ఒడియా అయినా, మన తెలుగే అయినా ఆ కామాలు మారవు. కామా కంటికి ఆనవాలే గాని సంఖ్యలో భాగం కాదని మనకు ఎక్కాలనాడే తెలుసు. కంప్యూటరుకు ఆ సంగతి మనమే చెప్పాలి.

న్యూజిలాండులోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ రూపొందించిన గణాంక భాష 'ఆర్'. దాని 1.0.0 కూర్పు 2000 ఫిబ్రవరి 29న వెలువడింది. ఈ వయస్సులో దానిని అభ్యసించడం నాకొక వేడుక. నా వద్దకు వచ్చే యువ ఇంజనీర్లకు దానితో చేయమని ఒక చిన్న లెక్క ఇస్తుంటాను.

నాలుగు బేరింగులు నడిచిన గంటలు: 640, 980, 1,240, 1,540. వేయి గంటలు దాటితే మార్చివేయాలని నియమం అనుకొందాము. ఈ వరుసను సంఖ్యలుగా మార్చమంటే 'ఆర్' మొదటి రెంటినే అంగీకరిస్తుంది. కామా ఉన్న రెంటి స్థానంలో 'విలువ లేదు' అని సూచించే 'ఎన్ఏ' గుర్తు ఉంచి, ఒక హెచ్చరిక చేస్తుంది. ఆ ఖాళీలను తొలగించి సరాసరి కడితే 810 వస్తుంది. అంతా క్షేమమే అనిపిస్తుంది. నిజమైన సరాసరి 1,100.

ఇక్కడ గమనించవలసినది ఒకటున్నది. కామా పడేది వేయి, ఆపై సంఖ్యలకే. కనుక జాబితా నుండి జారిపోయినవి ఏవో రెండు కావు; తక్షణమే మార్చవలసిన ఆ రెండే!

2020లో వచ్చిన 4.0.0 కూర్పుకు ముందు మరో చిక్కు ఉండేది. కామాలున్న వరుసను ఫైలు నుండి చదివేటప్పుడు 'ఆర్' దానిని వర్గాల పేర్లుగా భావించేది. దానిని నేరుగా సంఖ్యలుగా మార్చితే ఆ పేర్ల క్రమసంఖ్యలే వచ్చేవి. 1,240 గంటలు కాస్తా 1 అయ్యేది. హెచ్చరిక కూడా ఉండేది కాదు.

మందు సులభమే. 'జీసబ్' అనే ఆదేశంతో కామాలు తీసి, పిదప సంఖ్యలుగా మార్చాలి. అయితే పట్టిక ఏ దేశపుదో ముందే విచారించాలి. జర్మన్ పత్రాలలో కామాయే దశాంశ బిందువు. అక్కడి 2,5ను 25 చేయరాదు. మార్పుకు ముందు ఎన్ని ఖాళీలు, తరువాత ఎన్ని అని సరిచూడాలి. ఒక్కటి పెరిగినా దాని మూలరూపం వెదికి చూడాలి.

ఆ యంత్రం ప్రక్కన నిలబడి పనిచేసేవాడు మన పట్టికను చూడడు, మనలను నమ్ముతాడు. కనుక సరాసరి చూచి సంతోషించే ముందు బేరింగులు నాలుగూ ఉన్నవో లేవో లెక్కించుకొందాము.