సందర్భం, సందర్ప్పం

మా చిన్నాయనకు మెదడులో గ్లయోబ్లాస్టోమా. ఆపరేషన్ అయ్యాక ఆరు వారాలు రేడియేషన్, దాంతోబాటు రోజూ టెమోజోలమైడ్ గుళిక. మేమంతా గడ్డకే భయపడుతుంటే, డాక్టరమ్మ తమిళంలో ఇంకొక హెచ్చరిక చేసింది: "సందర్ప్పవాద" రోగాలు వస్తాయి, జాగ్రత్త అని.

"ఏ సందర్భంలో వచ్చేవే అవి?" అని అవ్వ నన్నడిగింది. తెలుగు డిపార్ట్‌మెంటు పిల్లను కదా, మాటల పంచాయితీలన్నీ నా దగ్గరికే వస్తాయి. తమిళంలో సందర్ప్పమంటే అవకాశం. "అదను చూసి దూరేవి అవ్వా. కావలి లేని చేన్లో పశువులు పడినట్టు" అన్నాను. చేను అనేసరికి అవ్వకు పట్టుబడింది.

ఆ గుళిక గడ్డతోబాటు రక్తంలో లింఫోసైట్లనే తెల్లకణాలనూ తగ్గిస్తుంది. మెదడు వాపుకిచ్చే డెక్సామెథసోన్ కూడా ఒంటి కాపును అణచేస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను ఏమీ చెయ్యని న్యుమోసిస్టిస్ అనే బూజు జాతి క్రిమి అప్పుడు ఊపిరితిత్తుల్లో నిమోనియా తెస్తుంది. అది రాకుండా వారానికి మూడు రోజులు కోట్రైమాక్సజోల్ మాత్ర ఇచ్చారు. జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే అర్ధరాత్రయినా ఆస్పత్రికే. స్టెరాయిడ్ జ్వరాన్ని కప్పిపెట్టొచ్చు కూడా. అందుకే ఆయాసం, పొడిదగ్గు, నోట్లో తెల్లపూత, అన్నీ చూస్తూనే ఉండాలి.

మాత్రలు సులభం. మనుషులే కష్టం. చూడ్డానికొచ్చేవాళ్ల జలుబు, ఫ్లూ కూడా ఇప్పుడు ఆయనకు చిన్నవి కావు. మనవాళ్లలో ఒంట్లో బాగాలేదంటే పోయి చూడకపోతే తప్పు. ఊర్నుంచి అత్త బొరుగుండల సంచితో దగ్గుతూ దిగింది. వాకిట్లోనే ఆపినాను.

"దగ్గు తగ్గినాక రాండత్తా."

"నేనెత్తి పెంచినోడ్ని చూసేదానికి నీ పర్మిషనా?"

సంచి తిన్నెమీద పెట్టి అట్లే తిరిగిపోయింది. లోపల చిన్నాయన గొంతు గుర్తుపట్టినాడు. "అ... అ..." అంటాడే గానీ 'అక్క' అనే మాట రావడంలేదు. ఈ జబ్బులో మిగిలిన కాలం ఎంతో మాకు తెలుసు. ఆ కాలంలోంచి కూడా మనుషుల్ని తీసేస్తున్నామా అని ఆ రాత్రి నిద్రపట్టలేదు. అయినా మళ్లీ వచ్చినా ఆపేదాన్నే.

రెండు వారాలకు దగ్గు తగ్గించుకుని అత్త మళ్లీ వచ్చింది. మాస్కు తనే తెచ్చుకుంది. కిటికీ పక్కన కుర్చీ వేయించుకుని, తమ్ముడికి గంటసేపు నామీద చాడీలు చెప్పింది. ఆయన నవ్వుతూనే ఉన్నాడు.