గొంతు మాత్రం నాదే

2020 వేసవి. లాక్‌డౌన్ పెట్టగానే హైదరాబాద్‌లో హాస్టల్ ఖాళీ చేసి హుజూరాబాద్‌లోని మా ఇంటికి వచ్చేశాను. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. ప్రాజెక్టు లేదు, బెంచ్ మీద ఉన్నాను. పొద్దున లేవగానే 'ఇవాళ తీసేస్తారేమో' అని భయపడుతూ మెయిల్ చూసుకోవడమే పని. మా బాపు టైలర్. పెళ్లిళ్లు లేవు, స్కూల్ యూనిఫాంలు లేవు, షాపు మూసేశాడు. మిషన్ ఇంటికి తెచ్చుకొని గుడ్డ మాస్కులు కుట్టేవాడు.

రాత్రయితే నేను వేరే మనిషిని. పబ్‌జీలో నా పేరు రేయాన్. మా స్క్వాడ్‌లో మిగతా ముగ్గురినీ నేనెప్పుడూ చూడలేదు. వాళ్లకు తెలిసిన రేయాన్‌కు గచ్చిబౌలిలో ఫ్లాట్ ఉంది, వాళ్ల నాన్న డాక్టర్. ఎవరూ అడగకముందే నేనే చెప్పుకున్నాను. ఆటలో మన బొమ్మకు తొడిగే డ్రస్సులను స్కిన్స్ అంటారు. ఉన్న జీతంలో కొంత వాటికే పోసేవాణ్ని.

ఒక రాత్రి మ్యాచ్ మధ్యలో బాపు తలుపు తీసి, "కొడుకా, బువ్వ సల్లారుతుంది, రా" అన్నాడు. మైక్ ఆన్‌లో ఉంది.

"ఎవరు బ్రో?" అన్నాడు అవతలివాడు.

"మా ఇంట్లో పనిచేసే ఆయన."

వెనక్కి తిరిగితే బాపు ఇంకా అక్కడే ఉన్నాడు. ఏమీ అనలేదు. తలుపు మెల్లగా దగ్గరికేసి వెళ్లిపోయాడు. తెల్లారి ఎప్పటిలాగే చాయ్ తెచ్చిచ్చాడు. తిట్టినా బాగుండేది.

అప్పట్లో ఆదివారం ఆరాధన ఫోన్‌లోనే. కొన్ని వారాలకు పాస్టర్ గారు యాకోబు గురించి చెప్పారు. చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో విన్న కథే. చూపు మందగించిన తండ్రి ఇస్సాకు దగ్గరికి అన్న బట్టలు వేసుకొని, చేతులకు, మెడకు మేకపిల్లల తోలు కప్పుకొని వెళ్లాడు. 'నువ్వెవరు' అంటే అన్న పేరు చెప్పాడు. తోలు మారింది గానీ గొంతు మారలేదు. అందుకే తండ్రికి అనుమానం వచ్చింది. నాకు ఆ రాత్రి గుర్తొచ్చింది. నా తోలు డబ్బులు పెట్టి కొన్నది, అంతే తేడా.

దీవెన దొరికింది గానీ యాకోబుకు ఇల్లు దొరకలేదు, పారిపోవాల్సి వచ్చింది. ఇరవై ఏళ్ల తర్వాత యబ్బోకు రేవు దగ్గర, రాత్రంతా తనతో పెనుగులాడినవాడు మళ్లీ పేరు అడిగాడు. ఈసారి తన పేరే చెప్పాడు. కొత్త పేరు, దీవెన ఆ తర్వాతే వచ్చాయి. కుంటుకుంటూ వెళ్లినా తనలాగే వెళ్లాడు.

సెప్టెంబర్ 2న కేంద్రం 118 యాప్‌లను నిషేధించింది, అందులో పబ్‌జీ ఒకటి. అక్టోబర్ 30తో మన దేశంలో సర్వర్లు కూడా ఆగిపోయాయి. రేయాన్ మాయమయ్యాడు. ఆ ముగ్గురిలో ఒక్కరికీ నా అసలు పేరు తెలియదు. నన్ను వెతకాలన్నా వెతకలేరు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం మిషన్ పక్కన కూర్చొని, "బాపూ, ఆ రాత్రి నేను ఫోన్‌లో..." అన్నాను. మాట ముందుకు రాలేదు.

బాపు మిషన్ ఆపలేదు. "ఇన్న కొడుకా. పనిచేసేటోన్నే గద, తప్పేమన్నవ్?" అన్నాడు.

అంతకంటే పెద్ద దెబ్బ లేదు, అంతకంటే పెద్ద క్షమాపణా లేదు. తల వంచుకొని ఏడ్చాను. అప్పుడు మిషన్ ఆగింది.

ఆటలో మారుపేరు పెట్టుకోవడమే పాపమని నేననను. బిడియస్తులకు అది ధైర్యమిస్తుంది కూడా. కానీ ఆ పేరు నిలవడానికి ఇంట్లో మనిషిని పరాయివాణ్ని చేయాల్సి వస్తే, అది ఆట కాదు. దేవుడు నన్ను పిలిస్తే రేయాన్ అని పిలవడు కదా.

ఇప్పటికీ శని, ఆదివారాల్లో ఆడతాను, నా పేరుతోనే. పండక్కి ఇంటికెళ్లినప్పుడు బాపు బువ్వకు పిలుస్తాడు. మైక్ ఆన్‌లోనే ఉంటుంది.

"ఎవరు బ్రో?"

"మా బాపు. టైలర్. ఇక లేస్తున్నా, బువ్వ సల్లారుతుంది."