ఎడమప్రక్క సీట్లు

చెన్నపట్టణమున తరతరాలుగా కాపురమున్న తెలుగు కుటుంబముల ఆడవారము మేము. హైదరాబాదునుండి చుట్టములు వచ్చినప్పుడు వారితో కలిసి సిటీబస్సు ఎక్కుట మాకొక వేడుక. వారు ఎక్కీ ఎక్కకమునుపే ముందువైపునకు పోవుదురు. అక్కడ ఆడవారి చోటు ముందుభాగమున. ఇక్కడనో, ఎడమప్రక్క వరుస ఆడవారిది. కండక్టరు పలుమార్లు వెనుక ద్వారముకడ తన సీటులోనే కూర్చుండియుండును. ముందు నిలిచినవారి డబ్బు చేతులు మారుచు ఆయనను చేరును. టిక్కెట్టు, చిల్లర ఆ దారినే తిరిగి వచ్చును. ఇన్ని చేతులు మారినను మా చిల్లరలో కాసైనను తగ్గి యెరుగము. ఈ యూరి మర్యాదలలో మాకు మిక్కిలి నచ్చినది ఇదియే.

2021 మే నెలనుండి తమిళనాట సాధారణ ఛార్జీ గల టౌను బస్సులలో స్త్రీలు డబ్బు చెల్లింపనక్కరలేదు. తరువాత 2023 జూన్‌లో కర్ణాటకమున, ఆ డిసెంబరులో తెలంగాణమున, 2025 ఆగస్టులో ఆంధ్రమున ఇట్టి ఏర్పాటు వచ్చినది. దీనివలన ఇక్కడ స్త్రీకి నెలకు సగటున 888 రూపాయలు మిగులుచున్నవని రాష్ట్ర ప్రణాళికా సంఘము లెక్క తేల్చినది. అది యెంత సొమ్మని అనువారు బస్సెక్కని వారే అయియుందురు! మా పెద్దమ్మగారికి సొమ్ముకంటె గొప్పది వేరొకటి: కొడుకును ఛార్జీ అడుగకుండ గుడికి పోయి వచ్చుట. 2022లో ఈ బస్సులకు ముందువెనుకల గులాబిరంగు వేసిరి. ఇంట తెలుగే మాటాడి, తమిళపు బోర్డును కూడబలుకుకొని చదువు ముసలమ్మలకు ఆ రంగు దూరమునుండియే చేయి చాచినట్లుండును.

అయితే ఛార్జీ లేదు గనుక బస్సు మంచిచెడ్డలు అడుగరాదా? ఇండ్లలో పనిచేయువారు, పూలమ్ముకొనువారు, ఆసుపత్రి ఆయాలు తెల్లవారుజామున ఆగుచోట నిలిచియుందురు. ఛార్జీ గల బస్సులు రెండు మూడు సాగిపోవును. ఉచితపు బస్సు జాడ యుండదు. అరగంట ఆలస్యమైన పనిమనిషికి ఆనాటి మాటలు పడక తప్పదు, ఒక్కొక్కచోట కూలియు తగ్గును. ఆ అరగంట ఏ లెక్కలోను చేరదు. ఆడవారు మాత్రమే నిలిచియున్నచో బస్సును ఇరువది గజములు దాటించి ఆపుట కూడ కలదు. చీర కుచ్చెళ్లు పట్టుకొని పరుగిడవలెను. ఎక్కిన పిదప, “ఊరక వచ్చువారికి ఇంత తొందరయా!” అను మాట ఎవరో ఒకరు విసరుదురు. ఊరక కాదు. ఆ ఛార్జీకి బదులు ప్రభుత్వము రవాణా సంస్థలకు ధనమిచ్చుచున్నది. అందు మేము కొను సరుకులపై కట్టిన పన్నును కలదు.

ఇక మెట్టు సంగతి. పాత బస్సుల మొదటి మెట్టు మోకాళ్ల నొప్పులున్నవారికి కొండయే. పెద్దమ్మగారు కమ్మి పట్టుకొని, మాలో ఒకరు వెనుకనుండి ఊతమిచ్చిన గాని ఎక్కలేరు. 2024లో నేలకు దగ్గరగా నుండు బస్సులు మరల ఈ నగరమునకు వచ్చినవి. 2025 జూన్ 30న వ్యాసర్పాడి డిపోనుండి అట్టివే విద్యుత్తుతో నడచునవి 120 బయలుదేరినవి. ఆమె ఒకనాడు అందులో ఎవరి చేయియు పట్టకుండ ఎక్కి, ఎడమప్రక్క కిటికీకడ కూర్చుండి, “మన వీధికి ఇది ఎప్పుడు వచ్చునే?” అని అడిగినది. ప్రక్కసీటులోని అపరిచితురాలు తెలుగులోనే బదులు చెప్పినది: “మా వీధికిని రాలేదమ్మా.”