బడి గేటు దగ్గర సిస్టరు

మా ఆమదాలవలస చుట్టుపక్కల ఏ జిల్లా పరిషత్ హైస్కూలుకైనా వెళ్లి "ఇక్కడ నర్సు ఎవరండీ?" అని అడిగి చూడండి. హెడ్మాస్టరు గారు కాసేపు తటపటాయించి సచివాలయం ఏఎన్ఎం గారి పేరు చెబుతారు. ఆవిడ పనుల జాబితాలో ఇంటింటి సర్వే, గర్భిణుల నమోదు, చంటిపిల్లల టీకాలు, బీపీ షుగరు చీటీలు అన్నీ అయ్యాక ఎక్కడో అడుగున బడి ఉంటుంది. గురుకులాల్లో, కస్తూర్బా విద్యాలయాల్లో పిల్లలు రాత్రీ పగలూ అక్కడే ఉంటారు కాబట్టి ఒక సిస్టరుని వేసే ఆనవాయితీ ఉంది, పోస్టు ఖాళీగా లేకపోతే. పొద్దున వచ్చి సాయంత్రం పోయే బడికి ఆ భాగ్యం లేదు.

కరోనా మొదట్లో మా ప్రాంతాన్ని చూసి అందరూ అసూయపడ్డారు. రాష్ట్రంలో తొలి కేసు 2020 మార్చిలో నెల్లూరులో బయటపడితే, శ్రీకాకుళం జిల్లాకి ఏప్రిల్ ఆఖరి వారం దాకా రాలేదు. విజయనగరానికి మే నెల పట్టింది. తరవాత చెన్నై నుంచీ ముంబై నుంచీ మనవాళ్లు ఇళ్లకి చేరారు, చూస్తుండగానే రాగోలు జెమ్స్ ఆస్పత్రిలో మంచాలు నిండాయి. ఆ భయం ఇంకా తగ్గకుండానే నవంబరు 2న తొమ్మిది, పది తరగతులకి బడులు తెరిచారు. రోజు విడిచి రోజు, ఒంటిపూట. మొదటి మూడు నాలుగు రోజుల్లోనే రాష్ట్రమంతటా 262 మంది విద్యార్థులకీ, 160 మంది దాకా ఉపాధ్యాయులకీ పాజిటివ్ అని తేలింది. బడికొచ్చిన నాలుగు లక్షల మంది పిల్లల్లో అది వెయ్యికి ఒకరు కూడా కాదని అధికారులు చెప్పారు. లెక్క తప్పు కాదు. కానీ గేటు దగ్గర థర్మల్ గన్ పట్టుకుని నిలబడ్డ ఏఎన్ఎంకి శాతాలతో పనేముంది? ఆవిడకి ఎదురుగా దగ్గుతున్న గుంటడు ఒకడే, వాడి వెనక నలభై మంది వరస.

ఆ థర్మల్ గన్ గురించి కొంచెం చెప్పాలి. నుదుటి చర్మం నుంచి వచ్చే పరారుణ కిరణాలని కొలిచి అది అంకె చూపిస్తుంది. ఎండలో నాలుగు కిలోమీటర్లు సైకిలు తొక్కుకొచ్చిన కుర్రాడి నుదురు జ్వరం లేకపోయినా వేడిగా ఉంటుంది. అదే కుర్రాడు నీడలో నిలబడి చెమట ఆరుతుంటే జ్వరం ఉన్నా తక్కువే చూపిస్తుంది. నీడలో ఓ పావుగంట కూర్చోబెట్టి, చెమట తుడిచి, మళ్లీ చూడాలి. ఆ పావుగంట కూర్చోబెట్టడానికి గేటు దగ్గర చోటు లేదు, ఎనిమిది గంటల యాభై నిమిషాలకి అందరూ ఒక్కసారే వస్తారు. అంకెలు మాత్రం రిజిస్టరులో పడాలి, పదిన్నరకల్లా ఫోనులో ఎక్కించాలి. ఓ సిస్టరు తన రిజిస్టరు నాకు చూపించింది. పేజీ పేజీకీ 97.4, 97.6, 97.2. "ఏటమ్మా, ఊరంతా ఒకే వేడి మీద ఉందా?" అంటే నవ్వి ఊరుకుంది. నాకైతే ఆవిడ తప్పు కనపడలేదు. చూడ్డానికి సమయం ఇవ్వకుండా రాయడానికి మాత్రం గడువు పెడితే రాతే మిగులుతుంది.

పారాసిటమాల్ సంగతి ఇంకోటి. ఒకామె కొడుకుని మా క్లినిక్‌కి పట్టుకొచ్చింది. రెండు రోజులుగా పొద్దున బిళ్ల వేసి బడికి పంపుతోందట. ఎందుకలా చేశావంటే, "మాం పనిలోకి ఎల్లకపోతే ఎలగ బాబూ? గుంటడ్ని ఇంట్లో ఎవులు సూస్తారు? ఇస్కూల్లో అయితే కూడేనా ఎడతారు" అంది. ఆ బిళ్ల ప్రభావం నాలుగైదు గంటలు. అంటే గేటు దాటి, మధ్యాహ్న భోజనం అయ్యేదాకా గన్ను ముందు వాడు ఆరోగ్యవంతుడే. సిస్టరు ఎంత జాగ్రత్తగా చూసినా పట్టుకోలేదు. పట్టుకున్నా ఏం చెయ్యాలి? ఇంటికి పంపమన్నారు. ఇంటికి తాళం. గొడుగు వేసుకుని సైకిలు స్టాండు పక్కన ఆ పిల్లాడితో పాటు మధ్యాహ్నం దాకా కూర్చున్న సిస్టరు నాకు తెలుసు, ఎందుకంటే ఆ బడిలో జ్వరం వచ్చినవాణ్ని కూర్చోబెట్టడానికి ఒక్క గది లేదు.

ఆ చలికాలంలోనే వచ్చింది నేను మరిచిపోలేని కేసు. పద్నాలుగేళ్ల కుర్రాడు, ఆరు రోజులుగా విడవని జ్వరం, తలనొప్పి. ముక్కులో పుల్ల రెండుసార్లు పెట్టారు, రెండుసార్లూ నెగెటివ్. నెగెటివ్ అన్నాక అటు ఆస్పత్రికీ ఇటు బడికీ వాడితో సంబంధం తెగిపోయింది. బడి రావద్దంది, ఊళ్లో ఆర్‌ఎంపీ సెలైన్ పెట్టాడు. ఏఎన్ఎం మాత్రం సర్వేకి వెళ్లినప్పుడు వాళ్ల గుమ్మం దగ్గర ఆగింది. మాస్కు సరిచేసుకుని, వాడి చొక్కా విప్పించింది. అంతవరకూ ఎవరూ విప్పించలేదు. దూరం పాటించమన్నారు కదా, అందరూ అక్షరాలా పాటించారు. కుడి చంకలో చిన్న నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రగా, సిగరెట్టుతో చురక పెట్టినట్టు. వాడికి నొప్పి లేదు, కాబట్టి వాడూ చెప్పలేదు. ఆవిడ నాకు ఫోన్ చేసి, "సార్, కరోనా కాదనుకుంటా, ఓసారి ఈ గుంటడి చంక చూడండి" అంది.

స్క్రబ్ టైఫస్. పొదల్లో, గట్ల మీద ఉండే నలుసంత పురుగు కుడితే వచ్చే జ్వరం. వానలు తగ్గాక, చలి మొదలయ్యాక మా వైపు కనపడుతూనే ఉంటుంది. ఆ పెచ్చు కనపడితే రోగం దొరికినట్టే. డాక్సీసైక్లిన్ ఇస్తే సాధారణంగా రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది, వీడికీ దిగింది. పట్టించుకోకపోతే ఊపిరితిత్తులకీ, కాలేయానికీ, మెదడుకీ పాకేది. వైద్యం చేసింది నేను. రోగం పట్టుకుంది ఆవిడ. ఆవిడ రోజువారీ రిపోర్టులో దీనికి గడి లేదు. "కొవిడ్ అనుమానితులు: 0" అని రాసిందట ఆ పూట.

1902లో న్యూయార్కు నగరంలో లీనా రోజర్స్ అనే నర్సుని బడులకి పంపిన కథ ఇలాంటప్పుడే గుర్తొస్తుంది. అంతకుముందు డాక్టర్లు బడికి వచ్చి కళ్లకలక, గజ్జి, పేలు ఉన్నవాళ్లని ఏరి ఇంటికి పంపేసేవారు. పంపడంతో వాళ్ల పని అయిపోయేది, పిల్లలు వీధుల్లో తిరిగేవారు. నర్సు వచ్చాక చిన్నవాటికి బడిలోనే మందు రాసింది, మిగతావాళ్ల ఇళ్లకి వెళ్లి తల్లులకి చూపించింది. 1902 సెప్టెంబరులో ఇంటికి పంపేసిన పిల్లలు 10,567 మంది అయితే, మరుసటి ఏడు సెప్టెంబరుకి 1,101. బడి నర్సు అనే ఉద్యోగం పుట్టిందే పిల్లల్ని బడిలో నిలపడానికి. మన దగ్గర మహమ్మారి రోజుల్లో ఆ ఉద్యోగాన్ని తిరగేశాం: ఎవర్ని లోపలికి రానివ్వకూడదో తేల్చే పని ఇచ్చాం.

ఆ పని చేసినందుకు మాటలు పడ్డది కూడా వాళ్లే. పంపేస్తే తల్లిదండ్రులు తిట్టారు, పంపకపోతే మాస్టర్లు తిట్టారు. బడి మూసేయాలో వద్దో ఆవిడ చేతిలో లేదు, కిటికీలు తెరవమని చెప్పే హోదా లేదు, పాజిటివ్ వచ్చిన మాస్టారు మూడో రోజుకే వచ్చి రిజిస్టరులో సంతకం పెడితే వెళ్లిపొమ్మనే ధైర్యం అసలే లేదు. కానీ కేసు తేలితే "సిస్టరు ఏం చేస్తున్నట్టు?" అన్న ప్రశ్న మాత్రం ఆవిడకే. బడికో నర్సు ఉండాలని ఎప్పటినుంచో కోరుకునే అమెరికాలో కూడా ఇదే గోల. 2022లో అక్కడి బడి నర్సులని అడిగితే దాదాపు సగం మంది బెదిరింపులో వేధింపులో ఎదుర్కొన్నామన్నారు. అంటే జబ్బు డబ్బుల కొరతలోనే లేదు.

మా క్లినిక్‌కి ఆ రోజుల్లో వచ్చిన సిస్టర్లలో ఒకామె చేతులు నాకు ఇంకా కళ్లకి కట్టినట్టున్నాయి. అరచేతుల్లో గీతల వెంబడి చర్మం చీలి, వేళ్ల మొదళ్ల దగ్గర రక్తం ఊరుతోంది. రోజుకి ఎన్నిసార్లు శానిటైజరు రాస్తావంటే లెక్కలేదంది. పైగా మరుగుదొడ్లు కడిగే ఆయమ్మకి బ్లీచింగ్ నీళ్లు కలిపి చూపించేది తనే. గ్లవ్స్ అయిపోయి చాలా రోజులైంది. రాత్రిపూట వాజిలిన్ రాసుకుని నూలు గుడ్డ చుట్టుకోమని, సబ్బూ నీళ్లూ ఉన్నచోట శానిటైజరు వాడొద్దని చెప్పాను. లేపనం రాసిచ్చాను. ఆవిడ అడిగింది మాత్రం వేరు. "మా అత్తగారికి ఆయాసం సార్. నేను ఇంటికెళ్లాక ఏ గదిలో పడుకోవాలి?" వాళ్లింట్లో ఉన్నది ఒకటే గది. నేను వసారా అన్నాను. అప్పటికే అక్కడే పడుకుంటోందట.

రెసిడెన్షియల్ బడి కేసు ఒకటి. ఎనిమిదో తరగతి పిల్ల, మెట్లెక్కితే ఆయాసం, గుండెదడ. ఆయాసం అనగానే విడిగా గదిలో పెట్టారు. పరీక్ష నెగెటివ్. అయినా ఎందుకైనా మంచిదని ఇంకో వారం అక్కడే ఉంచారు. పళ్లెం గుమ్మంలో పెట్టి వెళ్లిపోయేవారు. సెలవు నుంచి వచ్చిన స్టాఫ్ నర్సు లోపలికెళ్లి కింది కనురెప్ప లాగి చూసింది. సున్నం వేసిన గోడలా తెల్లగా ఉంది. హిమోగ్లోబిన్ అయిదు చిల్లర. బడులు మూసిన నెలల్లో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ బిళ్ల ఆగిపోయింది, నులిపురుగుల మందు అందలేదు, పైగా నెలసరి మొదలై ఎక్కువగా పోతోంది, చెప్పుకోడానికి ఆ పిల్లకి ఎవరూ లేరు. శ్రీకాకుళం పెద్దాస్పత్రిలో రక్తం ఎక్కించారు. హెడ్ టీచరు నన్ను ఫోనులో అడిగిన మొదటి మాట, "కొవిడ్ కాదని ఓ కాగితం రాసిస్తారా సార్?"

ఆ కాగితాల గురించి ఓ పుస్తకం రాయొచ్చు. జలుబు తగ్గిందని కాగితం, రాలేదని కాగితం, మళ్లీ రాదని కాగితం. చివరిది అడిగినవాళ్లు నిజంగానే ఉన్నారు.

ఇదంతా చూసి బడులు మూసేయాల్సిందని నేననను. 2022 జనవరిలో ఒమిక్రాన్ ముమ్మరంగా ఉన్నప్పుడు సంక్రాంతి సెలవుల తరవాత 17న మన దగ్గర బడులు తెరిచారు. తెలంగాణలో 30 దాకా సెలవులు పొడిగించారు. ఇక్కడా మూసేయమని చాలామంది అడిగారు. నేను తెరవాలన్న పక్షమే. మొదటి రెండేళ్లలో బడి లేక ఇటుక బట్టీలకి పోయిన పిల్లల్ని, పదో తరగతి అవకుండానే పెళ్లి కుదిరిపోయిన ఆడపిల్లల్ని మేం క్లినిక్‌లో చూశాం. జనవరి 3 నుంచి పదిహేనేళ్లు దాటినవాళ్లకి కొవాగ్జిన్ మొదలైంది, మార్చిలో పన్నెండు నుంచి పద్నాలుగేళ్లవాళ్లకి హైదరాబాదులో తయారైన కోర్బెవాక్స్ వచ్చింది. ఆ టీకాలు బడి వరండాల్లో వేసిందీ ఈ సిస్టర్లే. సూదంటే పారిపోయే పదో తరగతి మగపిల్లల్ని పట్టుకుని కబుర్లు చెబుతూ వేసేస్తుంటే, ఏడాది కిందట ఇదే గేటు దగ్గర వాళ్లని వెనక్కి పంపిన మనిషి ఈవిడేనా అనిపించింది. చేతికి వచ్చిన పని ఇస్తే మనిషి వేరేగా ఉంటుంది.

మహమ్మారి పోయింది, గన్నులు బీరువాల్లో బ్యాటరీలు కారి పాడయ్యాయి. జబ్బులు మాత్రం పోలేదు. 2025 అక్టోబరులో కురుపాం గిరిజన బాలికల గురుకులంలో పచ్చకామెర్లు పాకి వందమందికి పైగా పిల్లలు ఆస్పత్రుల పాలయ్యారు, ఇద్దరు ఆడపిల్లలు చనిపోయారు. కామెర్లలో కళ్లు పచ్చబడకముందే ఆకలి చచ్చిపోతుంది, వాంతులు, నీరసం, లోజ్వరం ఉంటాయి. హెపటైటిస్ ఎ అయితే ఒంట్లో చేరాక బయటపడడానికి రెండు వారాల నుంచి ఏడు వారాల దాకా పడుతుంది. ఈ రోజు అన్నం వదిలేసింది ఎవరు, నిన్న వదిలేసింది ఎవరు అని గమనించే మనిషి ఒకరు ప్రతి బడిలో ఉంటే, ఏ జబ్బయినా మొదటి ముగ్గురి దగ్గరే పేరు తెలుస్తుంది. ఇది ఏ ఒక్క బడి గురించో అంటున్న మాట కాదు.

ఆ వార్త తరవాత మా దగ్గర ఒక హైస్కూలువాళ్లు చేతులు కడుక్కోవడం మీద మాట్లాడమని పిలిచారు. మాట్లాడాక హెడ్మాస్టరు గారిని అడిగాను, పిల్లలకి బాగోలేకపోతే ఎక్కడ పడుకోబెడతారని. ఆయన మొహమాటంగా స్టాఫ్ రూమ్ బల్ల చూపించారు. "నర్సు పోస్టు మన చేతిలో లేదు సార్. భోజనం ఫోటో, హాజరు ఫోటో, ఇవి పంపేసరికే మాకు పదకొండు అవుతోంది." నిజమే, పోస్టు ఆయన చేతిలో లేదు. గది ఉంది. స్టేజీ పక్కన విరిగిన బెంచీలు కుక్కిన స్టోరు రూము, రెండు కిటికీలు, బయట కుళాయి. ఓ మంచం, ఓ తెర, ఓ మామూలు థర్మామీటరు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, పిల్లల పేర్లు రాసే నోటుబుక్కు నేను తెస్తానన్నాను. ఏఎన్ఎం గారిని వారంలో ఒక రోజు, సర్వే లేని రోజు, అక్కడే కూర్చోబెట్టమని మెడికల్ ఆఫీసరుకి ఆయన ఉత్తరం రాయాలి. బెంచీలు సోమవారం తీయిస్తానన్నారు. మంగళవారం ఫోను చేస్తాను. తీయించకపోతే బుధవారం మంచం వేసుకుని నేనే వెళ్తాను, అప్పుడు దాన్ని ఎక్కడ పెట్టాలో ఆయనే చెప్పాల్సి వస్తుంది.