మూతి కట్టుడు

మా తాత మోట బొక్కెన కుట్టేటోడు. ఊళ్లె కరెంటు మోటర్లు రాకముందు బాయిలకెల్లి నీళ్లు పైకి రావాలంటే ఎడ్లు, మోకు, తోలు బొక్కెన ఉండాలె. ఆ తోలు లందల ఊనేది మాదిగోళ్లు, కుట్టేది మాదిగోళ్లు. కుట్టు దగ్గర చుక్క కారినా పటేలు బూతులు అందుకునేటోడు. ఆ నీళ్లు పారి పండిన వడ్లు వాళ్ల గరిసెలకు పోయేటివి. తోలుల నిండిన నీళ్లకు అంటు లేదు, తోలు కుట్టిన చేతికి అంటు. ఈ లెక్క నాకు చిన్నప్పుడూ అర్థం కాలేదు, బీయస్సీ చదివినంక కూడా అర్థం కాలేదు.

ఇప్పుడు మా అమ్మ సంచుల మూతులు కడుతది. పాలిథిన్ సంచులు. లోపల పుట్టగొడుగుల విత్తనం.

నల్లగొండ దిక్కు నుంచి విజయవాడ రోడ్డు పట్టుకొని బతకొచ్చినోళ్లకు హైదరాబాదు అంటే ముందుగాల ఎల్బీనగర్ చౌరస్తానే. అమ్మ కొత్తపేట పండ్ల మార్కెట్‌లో మామిడికాయల పెట్టెల్లో వరిగడ్డి పరిచే పని చేసేది. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్ గదిలో ఉండి డీఎస్సీకి చదివేదాన్ని. 2018లో పరీక్ష పెట్టినంక మళ్లా పరీక్ష 2024లోనే. మధ్యల ఆ ఏండ్లన్నీ ఏ కూలి పైసలతో గడిచినయో దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లల్ల ఉన్న పిల్లలకు నేను చెప్పనక్కర లేదు. 2021లో పండ్ల మార్కెట్‌ను అక్కడి నుంచి తీసి బాటసింగారానికి మార్చిండ్రు. అమ్మ పని పోయింది. కర్మన్‌ఘాట్ దిక్కు ఒక రేకుల షెడ్డుల పుట్టగొడుగులు పెంచుతున్నరు, ఆడోళ్లు గావాలన్నరని ఎవరో చెప్తే పోయింది. "గడ్డి పనే గదా బిడ్డా, చెయ్యికి తెల్సిన పనే" అన్నది.

గడ్డి పనే గానీ అంత సులువు కాదు. వరిగడ్డిని రెండు అంగుళాల ముక్కలు కొట్టాలె. నానబెట్టి, వేడి నీళ్లల్ల ఉడకబెట్టి, నీడకు ఆరబెట్టాలె. పిడికిట్ల పట్టి పిండితే నీళ్లు కారొద్దు, అరచెయ్యి మాత్రం తడి కావాలె. పుస్తకంల దీన్ని 65 శాతం తేమ అంటరు. అమ్మకు శాతాలు రావు, చెయ్యి చెప్తది. రెండడుగుల పొడుగు, అడుగు వెడల్పు సంచి తీసుకొని, అడుగు భాగం దారంతో బిగగట్టి, లోపలిది బయటికి తిప్పాలె. అట్ల తిప్పితే అడుగు గుండ్రంగ వస్తది, కుండ తీరు నిలబడుతది. ఒక వరుస గడ్డి, దాని మీద అంచుల పొంటి విత్తనం, మళ్లా గడ్డి. విత్తనమంటే ఉడికించిన జొన్నల మీద తెల్లటి దారాల లెక్క బూజు అల్లుకున్నది. ముత్యపు చిప్ప పుట్టగొడుగుకు ఇదే పద్ధతి. జొన్నలను అట్ల చూసి అమ్మకు మొదటి రోజు మనసొప్పలేదట. జొన్న గట్క తాగి పెరిగిన మనిషి మరి. ఆఖరికి గాలి మిగలకుండ అదిమి మూతి కట్టాలె, సూదితో తూట్లు పొడవాలె. పదిహేను, ఇరవై రోజులు చీకటి గదిల ఉంచితే సంచంతా తెల్లబడుతది.

మూతి వదులైతే ఈగ పోతది, దుమ్ము పోతది, పచ్చబూజు పడుతది. పచ్చబూజు పడ్డ సంచిని ఆ గదిలకెల్లి వెంటనే బయట పారెయ్యాలె, లేకుంటే పక్క సంచికి పాకుతది.

పని నేర్పే మనిషి మొదటి రోజే చెప్పిండట: స్నానం చేసి రావాలె, డెట్టాల్ నీళ్లతో చేతులు కడగాలె, కడిగినంక ఏదీ ముట్టుకోవద్దు, ముట్టుకుంటే సంచి ఖరాబైతది. అమ్మ ఆ రాత్రి నాకు ఫోన్ చేసింది. "బిడ్డా, ఇదేం పని? ఊళ్లె ముట్టుకుంటే మైల అన్నరని పట్నం వస్తిమి. ఈడ గడ్డి గూడ నేను ముట్టుకుంటే మైలైతదంటున్నరు" అన్నది. గొంతు వణికింది. నేను నా బీయస్సీ పుస్తకంల చదివింది మొత్తం ఆమెకు ఆ రాత్రి చెప్పిన. కంటికి కనపడని క్రిములు అందరి చేతుల మీద ఉంటయని, గుళ్లె పూజారి చెయ్యి మీద గూడ అన్నే ఉంటయని, సబ్బు పెట్టి కడిగితే ఎవరి చెయ్యైనా ఒక్కతీరే అయితదని. కొద్దిసేపు మాట్లాడలే. "అయితే అయ్యగారు గూడ కడుక్కోని రావాల్నా?" అన్నది. రావాలె అన్న. పెద్దగ నవ్వింది. మా అమ్మ అంతగ నవ్వంగ నేను చాన రోజులకు విన్న.

పుట్టగొడుగులు మా వాడకు కొత్త కాదు. తొలకరి వానలకు పుట్టల మీద లేచిన పుట్టకొక్కులు ఏరుకొచ్చి కూర వండేది మా ఆడోళ్లే. అవి చెదపురుగులతో కలిసి బతికేటియి, సంచుల్లో కట్టి పెంచుదామన్నా పెరగవు. అప్పుడు ఆ కూర వాసనకు ముక్కు మూసుకున్నోళ్లు ఇయ్యాల అదే జాతిది డబ్బాల్లో కొనుక్కపోతున్నరు.

2023 చలికాలంల ఓనరుకు షిటాకే మీద మనసు పడ్డది. జపాను, చైనాలల్ల మొద్దుల మీద పెంచే పుట్టగొడుగు అది. ముత్యపు చిప్ప కంటె బాగా రేటు వస్తదని ఆశ. దీనికి గడ్డి పనికిరాదు, గట్టి చెట్ల రంపపు పొట్టు, దాంట్ల తవుడు కలపాలె. సంచి గూడ మామూలుది అయితే ఆవిరికి కరుగుతది, పాలిప్రొపిలీన్‌ది గావాలె. మూతి కట్టే తీరు వేరే. సంచి కొనను ఒక ప్లాస్టిక్ రింగులకెల్లి పైకి గుంజి, అంచు మీదికి మడిచి, దారం కట్టి, నీళ్లు పీల్చని దూది ఉండ దోపాలె. దూదిలకెల్లి గాలి పోతది, బూజు పోదు. దూది తడిస్తే మాత్రం బూజుకు తొవ్వ దొరికినట్టే, అందుకని పైన కాగితం కట్టాలె. ఆటోక్లేవ్ ఉంటే 121 డిగ్రీల దగ్గర గంటన్నర, రెండు గంటలు చాలు. ఆ షెడ్డుల ఉన్నది ఇనుప డ్రమ్ము. అందుల ఆవిరి 100 డిగ్రీలు దాటదు. అందుకని గంటల తరబడి ఆగకుండ ఉడకాలె.

రబ్బరు బ్యాండు ఆవిరికి తెగుతున్నదని దారం కట్టుడు మొదలుపెట్టింది మా అమ్మే. ముగ్గురు ఆడోళ్లు కూసొని కట్టిండ్రు. డ్రమ్ముల నుంచి తీసినంక సంచుల మీద ఓనరు తమ్ముని కొడుకు మార్కరుతో డ్రమ్ము నంబరు రాసిండు. చల్లారినంక విత్తనం వేసి గదిల పేర్చిండ్రు. సంచి గోధుమ రంగుకు తిరగాలంటే షిటాకేకు రెండు నెలల పైమాటే. పది రోజులకే ముప్పై ఎనిమిది సంచులు పచ్చబడ్డయి.

ఓనరు ముగ్గురినీ నిలబెట్టిండు. పనిల చేరిన నాడే మాది ఏ ఊరు, ఊళ్లె ఏ దిక్కు ఇల్లు అని అడిగి తెల్సుకున్నోడు. "మీ వాడల శుభ్రం ఉంటే గదా ఈడ ఉండడానికి. ఆ సంచుల పైసలు మీ కూలిల కోస్త" అన్నడు. మిగిలిన ఇద్దరు తల దించిండ్రట. అమ్మ ఆ పారేసిన సంచుల కుప్ప దగ్గరికి పోయి కూసున్నది. ఒక్కొక్కటి తిప్పి చూసింది. ముడి చూస్తే ఎవరు కట్టిందో ఆమెకు ఎరుకే. ఆమెది రెండు మెలికల ముడి, తాత తోలుకు వేసిన ముడి. కుప్పల ముగ్గురి ముళ్లూ ఉన్నయి. కానీ అంకె ఒక్కటే ఉన్నది. అమ్మకు అక్షరాలు రావు గానీ బస్సు నంబర్లు గుర్తుపడుతది. ముప్పై ఎనిమిదింటి మీదా 2. అవే ముగ్గురు కట్టిన 1, 3 నంబర్ల సంచులు గదిల తెల్లగ ఉన్నయి.

"సారూ, మా చేతులు ఖరాబైతే మూడు డ్రమ్ములూ ఖరాబు గావాలె. ఇది మంట ఆగిన డ్రమ్ము" అన్నదట. రెండో డ్రమ్ముకు నడుమ గ్యాస్ అయిపోయింది, పిలగాడు ఇంకో సిలిండర్ తెచ్చేవరకు చాన సేపు పట్టింది. అది గూడ ఉడికిన టైంలనే లెక్కేసుకున్నడు. ఆ పిలగాడు అక్కడనే ఉన్నడు, కాదనలే.

ఓనరు తప్పయిందని అనలే. అసొంటి మాట వాళ్ల నోట్ల ఉండదు. కోసిన కూలిల సగం ఇచ్చిండు. మిగిలిన సగం కోసం అమ్మ నాలుగు శనివారాలు అడిగింది. ఐదో శనివారం పని మానేసింది. ఆమె వెంట ఇంకో ఆమె గూడ మానేసింది. మూడో ఆమెకు ఇద్దరు చిన్న పిల్లలు, ఆమె మానలే. మానలేదని మా అమ్మ ఎన్నడూ ఒక మాట అనలే.

2024 డీఎస్సీల నాకు స్కూల్ అసిస్టెంట్ బయాలజీ వచ్చింది. సరూర్‌నగర్‌ల రెండు గదుల ఇల్లు తీసుకున్న. ఇంక పని మానెయ్యమ్మా అన్న. హయత్‌నగర్ అవతల ఇంకో షెడ్డుల కుదిరింది. ఎండాకాలం పాల పుట్టగొడుగు, వానకాలం నుంచి ముత్యపు చిప్ప. నా జీతం మీద ఆమెకు నమ్మకం లేక కాదు. ఆ పని ఆమెకు వచ్చు, బాగా వచ్చు.

రోజూ రాత్రి నా పక్కన కూసొని నోటుబుక్కుల లెక్క రాపిస్తది. మొదట ఎన్ని సంచులు కట్టింది అనే రాసేదాన్ని. ఒక గీత కొట్టి పక్కన ఇంకోటి రాయమన్నది: ఏ సంచులు ఏ డ్రమ్ముకు పోయినయి, మంట ఎప్పుడు పెట్టిండ్రు, ఎప్పుడు దించిండ్రు. నిన్న 64 సంచులు, రెండు డ్రమ్ములు.